నాలుగో హోసన్నా

మా రాయపూర్ తెలుగు సండేస్కూలు పిల్లల పరీక్ష కాగితాలు దిద్దడం నా వంతుకి వచ్చి చాలా ఏళ్లయింది. వాళ్లలో తెలుగు రాయగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. తక్కినవాళ్లు తెలుగు మాటల్నే హిందీ అక్షరాల్లో రాసి ఇస్తారు. వాటిని పైకి చదువుకుంటే తప్ప నాకు బోధపడవు. మొన్న ఆదివారం మధ్యాహ్నం అలాగే గొణుక్కుంటూ దిద్దుతున్నాను. "హోసన్నా అనగానేమి?" అన్నది ఆఖరి ప్రశ్న. పద్నాలుగు కాగితాల్లో పదమూడింటిలో ఒకటే జవాబు: "జై." పద్నాలుగోవాడు ఇంకాస్త ముందుకెళ్లి "జోర్ సే జై", గట్టిగా జై, అని రాశాడు.

ఎర్రపెన్ను పట్టుకుని నవ్వుకున్నాను. తప్పు కొట్టడానికి చెయ్యి రాలేదు. ఆ వయసులో నేనూ అంతకన్నా మంచి జవాబు రాసి ఉండను. అసలు అప్పట్లో నాకు ఆ మాటంటేనే ఒళ్లు మంట.

కారణం నా ఒళ్లే. పదేళ్ల వయసులో నేను చీపురుపుల్లలా ఉండేదాన్ని. మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. కన్నకూతురు ఇలా ఉంటే తన ఉద్యోగానికే పరువు తక్కువన్నట్టు, పొద్దున్నే నా ముక్కు మూసి చెంచాడు చేపనూనె గొంతులో పోసేది. దాని కంపు మధ్యాహ్నం దాకా త్రేన్పుల్లో వచ్చేది గానీ ఒళ్లు మాత్రం వచ్చేది కాదు. ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారం దగ్గరపడుతుంటే పిల్లలందరూ మట్టలు పట్టుకుని తీసే ఊరేగింపు కోసం కేకలు సాధన చేసేవారు. ఒకరు "హోసన్నా!" అనాలి, తక్కినవాళ్లంతా "హోసన్నా!" అని అందుకోవాలి. మావాళ్లు ఆ మాటని మధ్యలో విరగ్గొట్టి, నావైపు తిరిగి, "హో... సన్నా!" అనేవారు. పెద్దవాళ్ల ముందు అన్నా తప్పు పట్టడానికి వీల్లేదు, దేవుడి మాటే కదా అంటారు. అంత పకడ్బందీ వెక్కిరింత నా జీవితంలో మళ్లీ చూడలేదు.

అప్పట్లో మేము ఇదే రాయపూర్‌లో తెలీబంధా చెరువు దగ్గర ఛోటీ లైను క్వార్టర్లలో ఉండేవాళ్లం. ధమ్తరీ వైపు వెళ్లే ఆ చిన్న పట్టాల బండికి నాన్న గార్డు. జనం నడుస్తున్న బండిలోంచి దిగి, పక్కతోటలో మామిడికాయ కోసుకుని మళ్లీ అదే పెట్టె ఎక్కేవారని నాన్న చెప్పేవారు. ఎంత నిజమో తెలియదు గానీ, ఆయన చెప్పినప్పుడల్లా మేము నమ్మేవాళ్లం. వేసవి మొదట్లో అక్కడి గాలికి రెండే వాసనలు, ఇంజను బొగ్గుపొగ, రాలిన ఇప్పపూల మత్తు. తెలుగువాళ్లం పన్నెండు ఇళ్లు. ఏడు హిందువులవి, ఐదు మావి. అందరమూ గోదావరి వైపు నుంచో విశాఖ వైపు నుంచో రైలు ఉద్యోగాల వెంట వచ్చినవాళ్లమే. పండగలకి మాత్రం ఈ ఇల్లూ ఆ ఇల్లూ అని ఉండేది కాదు. మా ఊరేగింపులో అందరికన్నా గట్టిగా అరిచేది ఎదురింటి అత్తయ్యగారి కొడుకులిద్దరే. వాళ్లింట్లో గోడమీద వెంకటేశ్వరస్వామి పటం ఉండేది.

ఆ అత్తయ్యగారి వల్ల నాకో పాపం కూడా అంటుకుంది. ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు, లెంటు నలభై రోజులూ మా ఇంట్లో నీచు వండేవారు కాదు. ఆవిడ సరిగ్గా ఆ రోజుల్లోనే, ఊరి నుంచి తెప్పించిన ఉప్పుచేప నిప్పుల మీద కాల్చేది. ఆ వాసన గోడ దూకి వచ్చి మమ్మల్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది. "మా ఇంట్లో లెంటు లేదర్రా. ఇక్కడ తింటే లెక్కలోకి రాదు, కూర్చోండి" అనేది. నేనూ, ఆరేళ్ల మా తమ్ముడూ చద్దన్నంలో ఆ చేప నంజుకుని తిని, చేతులు బూడిదతో తోముకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చేవాళ్లం. అమ్మ ఎదురుపడితే నేను ఊపిరి వదలడం మానేసేదాన్ని.

మా ఐదిళ్లకీ ప్రత్యేకంగా గుడీ, పాస్టరుగారూ ఉండేవారు కాదు. పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన ఒక తాతగారు, కొడుకు క్వార్టర్ వరండాలో తెలుగులో ఆరాధన జరిపేవారు. ఆయన్ని అందరూ ఉపదేశిగారు అనేవారు. పట్టాలు మార్చే లీవర్లు లాగి లాగి ఆయన కుడిభుజం కిందికి వంగిపోయింది. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఆ ఏడాది మట్టల ఆదివారానికి మూడు రోజుల ముందు, మా కేకలు విని ఆయన వరండాలోకి వచ్చారు.

"ఒరేయ్, ఆపండ్రా! ఏంటా అరుపులు? ఎలక్షన్ జులూసా?"

"జై అంటే అలాగే అనాలి కదా తాతగారూ?" అన్నాడు ఎదురింటి పెద్దవాడు.

"జై అని ఎవడు చెప్పాడ్రా నీకు? జై అంటే గెలిచినోడికి కొట్టేది. హోసన్నా అంటే ఆపదలో ఉన్నోడు పెట్టే కేక. అయ్యా, ఇప్పుడే వచ్చి నన్ను రక్షించు అని. యూదుల మాట అది. అనేటప్పుడు గుండెలో దడ ఉండాలి గానీ, పళ్లు ఇకిలించకూడదు. సమఝ్ గయే?"

అందరమూ పళ్లు లోపల పెట్టేసుకున్నాం. నాకు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. "రక్షించమని ఏడ్చే మాటైతే, మట్టలూపుకుంటూ సంతోషంగా ఎందుకు పాడతాం తాతగారూ?" అన్నాను.

"ఎక్కడలేని డౌట్లూ ఈ పిల్లకే వస్తాయి. వెళ్లి ఆడుకో, జా!" అన్నారు. జవాబు దొరకనప్పుడు ఆయనకి హిందీ వచ్చేది.

ఆడుకోవడానికే వెళ్లాం. అప్పట్లో మా ఆట విష్-అమృత్. దొంగ ముట్టుకుని "విష్" అంటే విషం తగిలినట్టు, ఎక్కడివాళ్లు అక్కడే బొమ్మలా నిలబడిపోవాలి. తనవాళ్లెవరైనా వచ్చి ముట్టుకుని "అమృత్" అంటేనే కదలాలి. ఆ సాయంత్రం నేనొక కొత్త రూలు పెట్టాను. విషం తగిలినవాళ్లు ఊరికే నిలబడకుండా "హోసన్నా" అని కేక పెట్టాలి, విన్నవాళ్లు ఎంత దూరంలో ఉన్నా పరిగెత్తుకు రావాలి. సన్నగా పుట్టించినందుకు నష్టపరిహారంగా దేవుడు నాకు మంచి పరుగు ఇచ్చాడు. తమ్ముడు కావాలని దొంగకి దొరికిపోయి, కళ్లు మూసుకుని "హోసన్నా" అనేవాడు. నేను రివ్వున వెళ్లి ముట్టుకునేదాన్ని. రెండు రోజులు వాడికి అదే ఆట, నాకూ ఆ మాట మీద కోపం కాస్త తగ్గింది.

శనివారం పొద్దున్న అమ్మ డ్యూటీకి వెళ్తూ, "వాడి చెయ్యి వదలకు" అని నాకు అప్పగించింది. మట్టలు కొయ్యడానికి ఉపదేశిగారు మమ్మల్నందర్నీ చెరువు వెనకవైపుకి తీసుకెళ్లారు. మా ఊళ్లలో అయితే కొబ్బరిమట్టలు, తాటిమట్టలు దొరుకుతాయి. ఇక్కడ ఈతచెట్టే గతి, ఛింద్ అంటారు ఇక్కడివాళ్లు. దాని మట్ట మొదట్లో సూదుల్లాంటి ముళ్లుంటాయి. ఆయన కొడవలితో మట్టలు కొట్టి, నీడన గొంతుక్కూర్చుని ఒక్కొక్క ముల్లే చెక్కుతుంటే, మేము మోపులు కట్టాం. తెచ్చుకున్న మరమరాలు, బెల్లం తింటుండగా మళ్లీ కేకలు మొదలయ్యాయి. ఎదురింటి పెద్దవాడు బెల్లం ముక్క ఒకటి మా తమ్ముడి చేతిలో పెట్టి చెవిలో ఏదో ఊదాడు. వీడు నా ముందుకొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, "హో... సన్నా!" అన్నాడు.

అందరూ పడీ పడీ నవ్వారు. కాలనీ మొత్తం అన్నా పడ్డాను గానీ, వాడు అనేసరికి నాకు ఏడుపొచ్చేసింది. అదీ ఒక బెల్లం ముక్క కోసం! వాడు చెయ్యి పట్టుకోబోతే విదిలించేశాను. "పో, నాతో మాట్లాడకు" అని అందరికీ వీపు చేసి ఒక మోపు మీద కూర్చున్నాను. ముళ్లు గుచ్చుకుంటున్నా లేవలేదు. అలక అంటే అలా ఉండేది నాకు.

కాసేపటికి, చెట్ల గుబురు అవతల నుంచి వాడి గొంతు వినిపించింది. "హోసన్నా!"

పిల్లలందరూ నవ్వుతూ అందుకున్నారు. "హోసన్నా!"

నేను కదల్లేదు. రెండోసారి వినిపించింది. మళ్లీ అందరూ అందుకున్నారు, ఈసారి ఇంకా హుషారుగా. నేను రెండు చెవులూ మూసుకున్నాను. వేళ్ల సందుల్లోంచి మూడోది కూడా వినబడింది. ఇంకా వెక్కిరిస్తూనే ఉన్నాడు, ఇంటికి రానీ చెప్తాను అనుకున్నాను. పిల్లలు అందుకోబోతుంటే ఉపదేశిగారు కొడవలి పైకెత్తి "ష్!" అన్నారు.

"అది మీ పాట కాదర్రా. ఎవడో పిలుస్తున్నాడు."

అంటూనే లేచారు. ఆ వయసులో, ఆ భుజంతో, ఆయన అంత వేగంగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు నాలుగోసారి వినిపించింది. ఈసారి మాట పూర్తిగా రాలేదు. "హోస..." అని ఆగిపోయింది. చెవుల మీంచి చేతులు తీసేసి, ఆయన్ని కూడా దాటి పరిగెత్తాను.

వేసవికి చెరువు నీళ్లు వెనక్కి పోయి, గట్టు పొడుగునా నల్లటి ఒండ్రు బయటపడేది. ఎండకి పైన పెచ్చు కట్టి గట్టినేలలా కనిపిస్తుంది, కిందంతా ఊబి. బస్తీ పిల్లలు అక్కడ తామరదుంపలు పీకడం చూసి మావాడూ దిగాడు. ఎక్కడ అడుగెయ్యాలో వాళ్లకి తెలుసు, వీడికి తెలియదు. గట్టుకి పదిహేనడుగుల దూరంలో, నడుము దాటి దిగబడిపోయి ఉన్నాడు. చేతులు రెండూ పైకెత్తి, కదలకుండా, ఏడవకుండా నావైపే చూస్తున్నాడు.

నేను దూకబోతే ఉపదేశిగారు జడ పట్టుకుని వెనక్కి లాగారు. "ఆగు! ఒరేయ్, మట్టలు తెండ్రా! అన్నీ తెండి! జల్దీ!"

పిల్లలు మోపులు మోసుకొచ్చారు. ఆయన తాళ్లు తెంపి, మట్టల్ని అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస ఊబి మీద పరుచుకుంటూ పోయారు. అందని చోటికి పిల్లలు విసిరారు. ఆయన కాలు పెట్టి చూస్తే మట్టలు కుంగిపోయాయి. వెనక్కొచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, నా దగ్గర ఆగారు.

"నువ్వే వెళ్లాలమ్మా. నిన్నైతే మోస్తాయి. బోర్లా పడుకుని పాకు. ఏం జరిగినా లేచి నిలబడకు."

అక్కడే గేదెల్ని కడుగుతున్న ఒకావిడ అప్పటికే పరిగెత్తుకొచ్చింది. గేదె పలుపు విప్పి నా నడుముకి కట్టి, ఇంకో తాడు చేతికిచ్చింది. "ఝన్ డర్రా నోనీ, మైఁ ధరే హంవ్" అంది. భయపడకు పిల్లా, నేను పట్టుకునే ఉన్నాను అని.

ఆ పదిహేనడుగులంత దూరం నేను జన్మలో పోలేదు. సగం మట్టలకి ముళ్లు ఇంకా తియ్యలేదు. అవి చేతుల్నీ పొట్టనీ గీరేస్తుంటే, లెంటులో తిన్న ఉప్పుచేపలు లెక్కపెట్టుకున్నాను. ఏడు. దేవుడా, ఏడూ నేనే తిన్నాను, వాడు ఒక్కటీ ముట్టలేదు అని దేవుడికే అబద్ధం చెప్పాను. కుళ్లిన ఆకుల కంపు ముక్కులోకి కొడుతోంది. నేను చేరేసరికి బురద వాడి చంకల దగ్గరికొచ్చింది.

"అక్కా, ముట్టుకో" అన్నాడు వాడు. "ముట్టుకుంటేనే కదా నేను కదలాలి."

ముట్టుకున్నాను. తాడు వాడి చంకల కింద నుంచి తిప్పి, నాకు తెలిసిన ముడులన్నీ వేశాను. గట్టు మీద నుంచి అందరూ కలిసి లాగడం మొదలుపెట్టారు. పట్టా ఎత్తేటప్పుడు గ్యాంగువాళ్లు పెట్టే "హైస్సా" కేకలు ఉపదేశిగారి నోటివెంట వాటంతటవే వచ్చేశాయి. మొదట ఏమీ కదల్లేదు. నేను వాడి మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నాను. తరవాత ఊబి పెద్ద చప్పుడు చేసి వాణ్ని వదిలేసింది. నిక్కరు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

గట్టు మీదకొచ్చాక మొట్టమొదట మేమంతా చేసిన పని నవ్వడం. మొలకి ఏమీ లేకుండా, నెత్తి నుంచి కాలి దాకా నల్లగా, కళ్లు మాత్రం తెల్లగా ఉన్న వాణ్ని చూసి గేదెలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఇద్దర్నీ తేటనీళ్లవైపుకి తీసుకెళ్లి గేదెల్ని తోమినట్టే తోమింది. ఉపదేశిగారు తన తుండుగుడ్డ వాడికి చుట్టి, మిగిలిన మరమరాలన్నీ ఒళ్లో పోశారు. రెండు గుప్పెళ్లు తిన్నాక వాడికి ప్రాణం లేచొచ్చింది. నోటి నిండా మరమరాలతోనే "హోసన్నా!" అన్నాడు. పిల్లలు అందుకున్నారు. గేదెలావిడ కూడా, ఏమిటో తెలియకుండానే, "హోసన్నా" అంది.

ఉపదేశిగారు నావైపు తిరిగారు. కళ్లు తడిగా ఉన్నాయి. "మొన్న అడిగావు కదే, ఏడుపుమాటైతే సంతోషంగా ఎందుకు పాడతామని. ఇదిగో, ఇందుకు. గట్టెక్కినోడి నోట్లో ఆ కేకే మిగిలిపోద్ది. దాన్నే పాడుకుంటాడు." తరవాత కిందికి వంగి, నాకు తప్ప ఎవరికీ వినబడకుండా అన్నారు. "నేను మొదటి కేకకే లేవాలమ్మా. ముప్పై ఏళ్లుగా ఆ మాటకి అర్థం చెప్తున్నాను. తీరా నిజంగా చెవిన పడితే, పిల్లలు పాడుకుంటున్నారులే అనుకున్నాను."

అంత పెద్దాయన పదేళ్లదాని ముందు తప్పు ఒప్పుకుంటున్నారు. నేనూ విన్నాను తాతగారూ, మూడుసార్లు విన్నాను, చెవులు మూసుకున్నాను అని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నేను తల వంచి, అరచేతిలో విరిగిన ముల్లు పీక్కుంటూ ఉండిపోయాను. ఆ తరవాత ఇంకెవరికీ చెప్పే వీలు లేకపోయింది, ఎందుకంటే సాయంత్రానికల్లా నేను కాలనీలో గొప్పదాన్నైపోయాను. అమ్మ నా ఒంటి మీది గీతలకి నీలిరంగు మందు రాసింది. రాయడం అయ్యాక నన్ను దగ్గరికి లాక్కుని, "నా తల్లే, నా బంగారు తల్లే" అని ఏడ్చింది. ఆ మాట నాకు ముళ్లకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు ఆ మట్టల్నే కడిగి ఊరేగింపు తీశాం. ఆకుల ఈనెల మధ్య ఇంకా బురద ఉంది. వరండా నుంచి ఛోటీ లైను స్టేషను దాకా వెళ్లి వచ్చాం, ఇంజను డ్రైవరు మాకోసం ఒక కూత కూయించాడు. ఉపదేశిగారు నన్ను ముందు నిలబెట్టి కేక మొదలుపెట్టమన్నారు. నేను మట్ట పట్టుకుని నేలచూపులు చూశాను. నా చెయ్యి పట్టుకున్న తమ్ముడే "హోసన్నా!" అని మొదలుపెట్టాడు. అప్పుడు అరిచాను నేను, గుండెలో బరువంతా బయటికి వచ్చేలా. వాడు బతికున్నాడు, నా పక్కనే ఉన్నాడు, అరుస్తున్నాడు. ఆ పూటకి అది చాలు. ఆ తరవాత కాలనీలో ఎవరూ ఆ మాటని మధ్యలో విరగ్గొట్టలేదు.

ఉపదేశిగారు పోయి చాలా కాలమైంది. ఆ పన్నెండిళ్లవాళ్లూ బదిలీల మీద తలోదారీ పట్టారు. బొగ్గింజను పోయింది. చెరువు వెనక ఛింద్ చెట్లు ఉన్న చోట ఇప్పుడు మేడలున్నాయి. తమ్ముడు కూడా రైల్వేలోనే చేరి విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. మా ఇళ్లల్లో ఏ పెళ్లి జరిగినా, తమ్ముణ్ని ఊబిలోంచి లాగిన అక్క కథ ఎవరో ఒకరు చెప్తారు. కొత్త కోడళ్లు నావైపు గౌరవంగా చూస్తారు. నేను నవ్వి, వడ్డన చూడాలని లేచి వెళ్లిపోతాను. నలభై ఏళ్లు అలాగే లేచి వెళ్లిపోయాను.

మొన్న కాగితాలు దిద్దడం ఆపేసి వాడికి ఫోన్ చేశాను. ముందూ వెనకా లేకుండా మొత్తం చెప్పేశాను. విన్నాననీ, వెక్కిరిస్తున్నావనుకున్నాననీ, చెవులు మూసుకున్నాననీ. అంతా విని వాడు పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"అక్కా, మొదటిది నిన్ను వెక్కిరించడానికే! అప్పటికి నాకు మోకాళ్ల దాకా కూడా బురద లేదు. నువ్వు మూతి ముడుచుకుని కూర్చున్నావు కదా, ఇంకాస్త ఏడిపిద్దామని ఎగిరెగిరి మరీ అరిచాను. ఆ ఎగరడంలోనే దిగబడ్డాను. అమ్మకి తెలిస్తే చంపేస్తుందని నేనూ ఎవరికీ చెప్పలేదు."

"మరి రెండోది?"

"రెండోది నిజమే. మూడోదీ నిజమే." వాడి గొంతు మెత్తబడింది. "ఉపదేశిగారు మూడోదానికి లేచారు. నువ్వు నాలుగోదానికి వచ్చేశావు. ఆయనకీ నీకూ ఒక్క కేకే తేడా. దానికి నలభై ఏళ్లా అక్కా?"

నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఇన్నేళ్లూ లోపల పట్టుకుని ఉన్నదేదో వదిలిపోయి, చిన్నపిల్లలా ఏడుస్తున్నాను.

"అక్కా? హలో? లైన్లో ఉన్నావా? వినబడుతోందా?"

"వినబడుతోందిరా" అన్నాను.